ముద్దాయి పిలుపు

రంగాచార్యులుగారి దగ్గర వకీలు పరీక్షకు చదువుకునేవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. మాటకు అర్థం అడిగితే ఆయన నిఘంటువు తియ్యరు, కథ ఎత్తుకుంటారు. ఆ పూట చిదంబరం అనే శిష్యుడికి ఒక చిక్కు వచ్చిపడింది.

"నేరం చేశాడని పట్టుకొచ్చినవాణ్ణి మనం ముద్దాయి అంటాం. ఉర్దూలోనేమో దావా వేసినవాడు ముద్దాయి. అరువు తెచ్చుకున్న మాటను తలకిందులు చేసింది మనమే. మన అర్థం తప్పే కదండీ?" అన్నాడు.

ఆచార్యులుగారు నైజాం రోజుల్లో కళ్లారా చూసిన సంగతి మొదలుపెట్టారు.

పున్నయ్యది కృష్ణకు ఇవతలి ఒడ్డు. అవతల, నైజాం గడ్డ మీద, అతనికీ తమ్ముడు లక్ష్మయ్యకూ కలిపి ఒక చేను ఉండేది. తమ్ముడు అక్కడి పిల్ల ఈదమ్మను చేసుకుని అక్కడే కాపురం పెట్టాడు. ఒక వానాకాలం అన్నదమ్ములిద్దరూ ఏరు దాటుతుంటే పుట్టి తిరగబడిందంటూ పున్నయ్య ఒక్కడే తడిబట్టలతో ఇల్లు చేరాడు. ఏడాది తిరక్కుండానే చేనంతా తనదేనని మరదలి మీద దావా వేశాడు. ఆ చేను పోతే ఈదమ్మకు గంజినీళ్లకు కూడా దిక్కు లేదు. తోడబుట్టినవాడి పెళ్లాం నోటి దగ్గర కూడు లాగెయ్యడానికి చేతులెలా వచ్చాయో!

అవతలి కోర్టులో నడిచేది ఉర్దూ. అందుకే వకీలు ముందుగానే హెచ్చరించాడు. "ముద్దాయి అని పిలుస్తారు, కంగారుపడకు. ఇక్కడ దావా వేసినవాడికే ఆ పేరు." పున్నయ్య నవ్వేశాడు.

మధ్యాహ్నం బంట్రోతు వరండాలోకి వచ్చి "ముద్దాయి పున్నయ్య, హాజిర్ హో!" అని కేకేశాడు. పున్నయ్య కండువా సర్దుకుని దర్జాగానే లోపలికి నడిచాడు. తన చోటు ఇంకా చేరకముందే మళ్లీ పిలుపు వినబడింది. ఈసారి అది వరండా వైపు నుంచి రాలేదు. ఏటి వైపు కిటికీలోంచి వచ్చింది. నోటినిండా నీళ్లు పెట్టుకుని మాట్లాడినట్టు ఉంది.

"ముద్దాయి పున్నన్నా..."

అలా పిలిచేవాడు అతనికి లోకంలో ఒక్కడే ఉండేవాడు. పున్నయ్య తిన్నగా వెళ్లి నేరస్థుల బోనెక్కాడు. వకీలు పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"అది ఖూనీకోర్లను నిలబెట్టే బోనయ్యా! నీ చోటు ఇక్కడ."

"నా చోటు ఇదేనండీ. రెండోసారి పిలిచింది ఇనపళ్లా?" అన్నాడు పున్నయ్య, కిటికీ మీంచి చూపు తిప్పకుండా. "పుట్టి తిరగబళ్లేదు. నేనే తోశా. ఆడు అంచు పట్టుకుంటే ఏళ్లు ఇడదీసి మరీ తోశా."

ఈదమ్మ ఉన్నచోటే కూలబడిపోయింది. ఆ రెండో పిలుపు కోర్టులో ఇంకెవరికీ వినబడలేదు. బంట్రోతును నిలదీస్తే, తాను పిలిచింది ఒక్కసారేనని ఒట్టుపెట్టుకున్నాడు. కిటికీ అవతల మనిషి నిలబడే జాగా లేదు. దాని కింద ఉన్నది ఏరే.

చిదంబరం "మరి ఆ రెండు అర్థాల్లో ఏది ఒప్పో చెప్పనేలేదు," అన్నాడు.

"మొదట పిలిచినవాడికి తెలుగు రాదు నాయనా," అన్నారు ఆచార్యులుగారు. "రెండోసారి పిలిచినవాడికి వచ్చు."