పడవను తన్నిన రాజు

అనగనగా నాలుగు కొండల నడుమ ఒక పెద్ద సరస్సు ఉండేదట. ఆ సీమను ఏలే రాజు విక్రాంతవర్మ. తన బలానికి ఎదురే లేదని ఆయన నమ్మకం.

ఒకనాడు రాజు పడవ దిగుతూ ఒడ్డు మీదికి ఒక్క దూకు దూకాడు. పడవ సర్రున వెనక్కి పోయింది. రాజు దభాలున నీళ్లలో పడ్డాడు! చూసినవాళ్లంతా నోళ్లు తెరిచారు.

"పడవను లాగిందెవరు?" రాజు గర్జించాడు.

"ఎవరూ లాగలేదు ప్రభూ," అంది పడవ నడిపే పైడితల్లి. "తమరు దాన్ని వెనక్కి తన్నారు. అది తమరిని ముందుకు తోసింది. పడవ తేలిక, అందుకే అంత దూరం జారిపోయింది."

"ఉత్త కొయ్య నన్ను తోసిందా! రుజువు చూపించు. లేదా నీ తల తెగుతుంది!"

అయినా పైడితల్లి మాట మార్చలేదు. రాజును మళ్లీ ఎక్కించుకుని, సరస్సులో ఉన్న ఒక ఖాళీ పడవ పక్కకు తీసుకెళ్లింది.

"దాన్ని తోయండి ప్రభూ. మన పడవ మాత్రం కదలకూడదు."

రాజు బలంకొద్దీ తోశాడు. అది అటు పోయింది, ఇది ఇటు పోయింది! రాజు నివ్వెరపోయాడు. ఆ కుదుపుకి పైడితల్లి చేతిలోని, పడవ నడిపే గడ జారి కొట్టుకుపోయింది.

పడవ మెల్లగా, సరస్సు నీళ్లు పొర్లిపోయే అలుగు వైపు సాగింది. అలుగు దాటితే నీళ్లు తాటిచెట్టంత లోతున బండల మీదికి దూకుతాయి. ఆ హోరుకి రాజు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

పడవ అడుగున బరువు కోసం వేసిన రాళ్లున్నాయి. "బరువు తగ్గిద్దాం!" అంటూ రాజు ఒక రాయిని ఒడ్డు వైపు విసిరాడు. పడవ అలుగుకి ఇంకా దగ్గరైంది! రాజు కొయ్యబారిపోయాడు.

"అటు కాదు! అలుగు వైపు విసురు!" ప్రభూ అనడం కూడా మరిచి అరిచింది పైడితల్లి.

రాజు అటు విసిరిన మొదటి రాయికి పడవ ఆగింది. రెండో రాయికి ఒడ్డు వైపు కదిలింది. మూడో రాయికి ఒడ్డు నుంచి భటులు చాచిన వెదురుబొంగు చేతికందింది.

ఒడ్డెక్కాక రాజు పైడితల్లి వైపు తిరిగాడు.

"తల తీస్తానన్నవాణ్ని ఎందుకు కాపాడావు?"

"అప్పుడు ఆ మాటే గుర్తురాలేదు ప్రభూ. చావు ఇద్దరికీ ఒకే దూరంలో ఉంది."

రాజు అందరి ఎదుటా ఆమెకు తల వంచాడు.

మనం దేన్ని ఎంత బలంతో నెడితే, అదీ మనల్ని అంతే బలంతో ఎదురు నెడుతుంది. ఈ ధర్మం ముందు రాజూ పేదా ఒక్కటే.