పైడమ్మ బాన

అనగనగా, మీ అవ్వకి అవ్వ ఇంకా ఉయ్యాల దిగని కాలాన, ఒక కొండ చుట్టూ మూడు ఊళ్లుండేవి. తాడివలస దాటితే గెడ్డపాలెం. గెడ్డపాలెం దాటితే మెట్టవలస. మెట్టవలస దాటితే మళ్లీ తాడివలసే.

ఊళ్లో అమ్మవారు పోస్తే, అంటే ఒళ్లంతా మశూచి పొక్కులు లేస్తే, అక్కడి మగాళ్లకి ఒకటే వైద్యం తెలుసు. కర్రబండి కట్టేవారు. రోగుల పక్కబట్టలన్నీ దానిమీద వేసేవారు. వేపమండలు చుట్టి, డప్పులు కొట్టి, పక్క ఊరి పొలిమేర దాటించేవారు. దాటించాక వెనక్కి చూడకూడదు. చూస్తే అమ్మవారు వెంట వస్తుందట. కనుక ఆ బండి ఎవరి గుమ్మం ముందు ఆగిందో చూసినవాడు లేడు.

తాడివలస పెద్దకాపు పెళ్లాం అచ్చియ్యమ్మ. ఆ ఏడు ఆమె కొడుక్కి అమ్మవారు పోసి తగ్గింది. వాడు పడుకున్న బొంత బండెక్కాలి. తన పాత చీరలు కలిపి ఆమె తన చేత్తో కుట్టిన బొంత అది.

ఊరి బట్టలుతికే పైడమ్మ వచ్చి పెరట్లో నిలబడింది. చిన్నప్పుడే అమ్మవారు పోసి ఆమె మొహమంతా గుంటలు. ఆ మొహాన్ని పెళ్లికి పిలవరు, పేరంటానికి పిలవరు, బారసాలకి పిలవరు. మైలబట్టలకి మాత్రం పిలుస్తారు.

"అమ్మగారూ, ఆ బొంత నాకిప్పించండి. బానలో ఉడకేస్తాను."

"అమ్మవారినే ఉడకేస్తావుటే?"

"అమ్మవారిని కాదమ్మా, బొంతని. రోగమొచ్చిన ఇళ్ల మూటలు మా అమ్మ ఉడకేసినన్నాళ్లూ మా ఇంట ఎవరికీ రాలేదు. ఒక్కసారి కట్టెల్లేక పచ్చి మూట ఇంట్లో పెట్టింది. నేను దానిమీద పడుకున్నాను. ఇదిగో, మొహం."

"ఆ మొహంతో నాకు చెప్పొచ్చావా? పో!"

పొలిమేర దగ్గర పైడమ్మ మళ్లీ అడ్డం వచ్చింది. "అవతల గెడ్డపాలెం, అమ్మగారూ. మీ అమ్మాయి బుల్లెమ్మ కాపురం అక్కడే కదా."

అచ్చియ్యమ్మ బండి వైపు ఒక అడుగు వేసింది. కానీ ఊరంతా చూస్తోంది. పెద్దకాపు మీసం మీద చెయ్యేశాడు. "వాళ్లూ దాటించుకుంటారులే" అంది ఆమె.

తాడివలస వాళ్లు బండిని దాటించారు. వెనక్కి చూడలేదు. గెడ్డపాలెం వాళ్లు దాటించారు. వెనక్కి చూడలేదు. మెట్టవలస వాళ్లు దాటించారు. వాళ్లూ వెనక్కి చూడలేదు.

తొలకరి పడేనాటికి బండి తాడివలస పొలిమేరలో నిలబడి ఉంది. మూటలు మూడింతలయ్యాయి. అచ్చియ్యమ్మ బొంత మాత్రం లేదు. ఆ పూటే కబురొచ్చింది, బుల్లెమ్మకి అమ్మవారు పోసిందని.

"మళ్లీ తోయండ్రా!" అన్నాడు పెద్దకాపు. డప్పులు లేచాయి.

పైడమ్మ మూడోసారి వచ్చింది. ఈసారి బతిమాలలేదు. "తోయండి బాబూ, తోయండి. ఉన్నవి మూడే ఊళ్లు. ఎన్నిసార్లు తిరిగొస్తుందో చూద్దాం" అంది.

అచ్చియ్యమ్మ గబగబా వెళ్లి ఒక మూట ఎత్తబోయింది. పైడమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు ముట్టకండమ్మా. మీకింకా పోయలేదు. నాకు ఒకసారి వచ్చి పోయింది, మళ్లీ రాదు. మీరు బాన కింద కట్టెలు పెట్టండి."

పెద్దకాపు పెళ్లాం ఊరందరి ముందూ చాకలి పొయ్యి దగ్గర కూర్చుంది. పొగ మొహాన కొట్టినా పక్కకి తిరగలేదు. తిరిగితే ఎవరో ఒకరి మొహం చూడాలి.

మూటలన్నీ ఉడికాక పైడమ్మ గెడ్డపాలెం నడిచింది. వెనకే అచ్చియ్యమ్మ. అత్తింటివాళ్లు బుల్లెమ్మని పశువుల పాకలో పడుకోబెట్టి, గుమ్మానికి వేపమండ కట్టి, తమ పని అయిపోయిందనుకున్నారు. పైడమ్మ లోపలికెళ్లి గంజి తాగించింది. అచ్చియ్యమ్మని తడిక బయటే ఆపింది.

లోపల బుల్లెమ్మ నీరసంగా అంటోంది: "బండిమీద మా అమ్మ బొంత చూశానే పైడీ. అన్నీ అమ్మ చీరలే. నాకోసం పంపిందనుకున్నాను. ఎవరూ చూడకుండా తీసుకుని కప్పుకున్నాను."

తడిక బయట అచ్చియ్యమ్మ విన్నది.

బుల్లెమ్మ బతికింది. మొహం గుంటలు పడింది. "ఈ మొహం నాకొద్దు" అని మొగుడు పుట్టింటికి పంపేశాడు. అతని మొహానా గుంటలే. మగాడి గుంటలు ఎవరు చూడొచ్చారు? ఆ ఏడే అతనికి ఇంకో పిల్లనిచ్చారు.

కూతురికి అన్నం పెట్టిన ప్రతిసారీ అచ్చియ్యమ్మకి తన మాటే వినబడేది. ఆ మొహంతో నాకు చెప్పొచ్చావా.

పైడమ్మ ముసలిదై కన్నుమూసింది. మగాళ్లు చేరి ఆమెకి గుడి కడదామన్నారు, పసుపూ కుంకుమా పెడదామన్నారు. అచ్చియ్యమ్మ కర్ర ఊతంతో లేచింది.

"బతికుండగా ఒక్క పేరంటానికి పిలవలేదు. ఇప్పుడు దేవతని చేసి చేతులు దులుపుకుంటారా? ఆ బానని పొలిమేరలో పెట్టండి."

పెట్టారు. ఒకటి కాదు, మూడు ఊళ్ల పొలిమేరల్లోనూ మూడు బానలు. రోగమొచ్చిన ఇంటి మూట ఉడక్కుండా ఇప్పటికీ అక్కడ పొలిమేర దాటదు. తొలి కట్టె పెద్దింటి ఆడదే పెట్టాలి. డప్పు కొట్టరు. ఆమె తల ఎత్తదు.

తన పీడని ఎవరైనా పక్కవాడి మీదకి తోయబోతే, ఆ మూడు ఊళ్లలో ముసలమ్మలు ఇంకా అంటారు: "ఒక్కసారి వెనక్కి చూడు నాయనా, బొంత ఎవరు కప్పుకున్నారో."