స్వామివారి కొత్త లెన్సు

కోదండపాణికి ఏ లెన్సూ కుదిరేది కాదు.

అతను తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరు. వారమంతా కొట్లు తిరిగి తక్కెడలూ రాళ్ళూ పరీక్షించేవాడు. ఆదివారం వస్తే కెమెరా పట్టుకునేవాడు. తక్కెడలో ఒక్కోసారి తప్పు దొరక్కపోయేదిగాని, లెన్సులో మాత్రం ఏదో ఒకటి దొరికేది. మొదటి లెన్సు నడుమ బాగుండేది, అంచుల్లో అలికినట్టు వచ్చేది. రెండోదానికి అంచులు బాగున్నాయి, రంగు కాస్త పసుపు తిరిగింది. మూడోది అన్ని విధాలా బాగుంది. అందుకని దానిమీద అతనికి అనుమానం పట్టుకుంది.

కొత్త లెన్సు ఇంటికి రాగానే పెరటి గోడకు దినపత్రిక అతికించి ఫొటో తీసేవాడు. దాన్ని కంప్యూటర్లో పెద్దది చేసి నాలుగు మూలలూ చదివేవాడు. మూలల్లో ఉన్న చిన్నక్షరాలు తెలిస్తే లెన్సు మంచిదన్నమాట. ఆ విధంగా జిల్లాలో ఎవరి స్థలం అమ్మకానికి ఉందో, ఎవరి అబ్బాయికి పిల్ల కావాలో అతనికి తెలిసేది. మొదటి పేజీలో పెద్దక్షరాల వార్త మాత్రం ఆఫీసుకు వెళ్ళాక ఎవరో చెబితే తెలిసేది.

పత్రిక తర్వాత వంతు భార్య అలివేలుది.

"అక్కడ నిలబడు. కొంచెం ఎడమకు. కదలకు."

ఆమె స్టవ్ ఆపి వచ్చి నిలబడేది. కాసేపయ్యాక అతను లోపలినుంచి పిలిచేవాడు.

"చూడు, ఎంత బాగా వచ్చిందో."

వెళ్ళి చూస్తే తెరమీద ఈతచాప లాంటిదేదో పరుచుకుని ఉండేది.

"ఏందండీ ఇది?"

"నీ కనుబొమ్మ."

"ఓహో" అని ఆమె మళ్ళీ వంటింట్లోకి పోయేది.

ఇట్లా చాలా ఏళ్ళు నడిచింది. నడిచిపోతూ ఉండేదేమో కూడా. ఈలోగా అలివేలు తమ్ముడు ఇల్లు కట్టుకున్నాడు.

గృహప్రవేశంలో పాలు పొంగించాల్సింది ఆడపడుచు. అలివేలు తెల్లవారుతూనే తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, గడపదాకా వచ్చింది. తూర్పునుంచి ఎండ ఏటవాలుగా ఆమె మీద పడుతోంది. కోదండపాణి చేతిలో మూడో లెన్సు ఉంది.

"అలివేలూ, ఒక్క నిమిషం. అక్కడే నిలబడు. కదలకు."

ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ ఆమె నిలబడిపోయింది. అతను ఫొటో తీశాడు. రెండో లెన్సుతో పోల్చుకుందామని లెన్సు మార్చాడు. మళ్ళీ మూడోది పెట్టాడు. లోపలినుంచి పురోహితుడు కేకేశాడు. ఇంకోసారి కేకేశాడు. ముహూర్తం దాటిపోతోందని చివరికి మరదలి చెల్లెలి చేత పాలు పొంగించేశారు. అలివేలు లోపలికి వెళ్ళేసరికి పొయ్యి చుట్టూ నురుగు మిగిలింది.

అక్కడ ఆమె భోజనాలు వడ్డించింది, అందరికీ తాంబూలాలు ఇచ్చింది. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, "ఇంక మీ లెన్సు ముందర నేను నిలబడను" అంది.

ఆనాటినుంచి ఆ ఇంట్లో ఉప్పూ పప్పూ మాటలే మిగిలాయి.

అతను తన గురువు నాగలింగయ్య స్వామి దగ్గరికి పోదామా అనుకుంటూ ఉండగానే ఫోనొచ్చింది. మఠానికి రోజూ పూలు తెచ్చిచ్చే రెడ్డెమ్మ చేసింది.

"స్వామి కొత్త లెన్సు పెట్టించుకున్నారన్నా. మీరింకా రాలేదే."

కోదండపాణి కుర్చీలోంచి లేచాడు. "లెన్సా? ఎక్కడిది?"

"జర్మనీదంట. శానా బాగా కనబడతా ఉందంట. స్వామి ఒకటే మురిసిపోతా ఉండారు."

అతనికి మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళ శిష్యరికం. ఆ ఊళ్ళో లెన్సుల సంగతి తెలిసినవాడు తనొక్కడే. స్వామి తనతో ఒక్క మాట అనకుండా తెప్పించుకున్నారు. అదీ జర్మనీది.

ఆదివారం మూడు లెన్సులూ సంచిలో సర్దుకుని బయల్దేరాడు. అలివేలు కూడా క్యారియరు పట్టుకుని వచ్చి మోటారు సైకిలెక్కింది. ఇద్దరి మధ్యా క్యారియరుంది.

నాగలింగయ్య స్వామి మఠం కొండకింద ఉంది. మఠమంటే రెండు గదులూ ఒక వరండా. ఆయనకు డెబ్భై దాటాయి. కొన్నేళ్ళుగా చూపు మందగించి, వచ్చిపోయేవాళ్ళను గొంతుబట్టీ అడుగుల చప్పుడుబట్టీ పోల్చుకునేవారు. ఆవేళ వరండాలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, గడ్డం పైకెత్తి, కొండవైపు చూస్తూ కూర్చున్నారు.

కోదండపాణి మెట్లమీదే ఆగిపోయాడు. ఆ కళ్ళద్దాలు చూశాక విషయం తెలిసింది.

"కంటి ఆపరేషనా?" అన్నాడు నెమ్మదిగా.

"పోయినవారమే చెప్పినాను" అంది అలివేలు. "మీరు గోడకు పేపరు అంటిస్తా ఉన్నారు." క్యారియరు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"పాణీ, నువ్వేనా? రా నాయనా" అన్నారు స్వామి. కళ్ళద్దాలు నుదుటిమీదికి నెట్టుకున్నారు. "ఒక కంటికే చేసినారు. రెండోది వచ్చే నెల. ఇట్లా వెలుతుర్లోకి వచ్చి నిలబడు. ఇంకొంచెం పక్కకు. కదలకు."

కోదండపాణి నిలబడ్డాడు. స్వామి ఒక కన్ను మూసి చూశారు. అది తెరిచి రెండోది మూసి చూశారు. మళ్ళీ మొదటిది. చాలాసేపు అట్లాగే చూశారు. శిష్యుడికి కాళ్ళు లాగసాగాయి.

"పాత కంటికి నువ్వు పచ్చగా, మర్యాదగా ఉండావు" అన్నారు చివరికి. "కొత్త కంటికి మీసానికి రంగేసింది తెలుస్తా ఉంది."

కోదండపాణి మీసం తడుముకున్నాడు. కాని అతని మనసు మీసం మీద లేదు. పరీక్షించేవాడికి పరీక్షించేవాడు దొరికాడు.

"రంగులో తేడా ఉందన్నమాట. మరి అంచుల్లో ఎట్లా ఉంది స్వామీ? మూలలు తెలుస్తున్నాయా?"

"మూలలా?" స్వామి తల తిప్పి వరండా పైకప్పు చూశారు. ఆయన ముఖం మారిపోయింది. "అయ్యో. ఆ బూజు చూడు. గోనెపట్ట మాదిరి వేలాడతా ఉంది. ఇన్నాళ్ళూ దాని కిందే కూర్చుని పాఠం చెప్పినానా?"

"ఇంత దూరానికి పోగు పోగూ తెలుస్తోందా స్వామీ?"

"తెలుస్తా ఉంది. బూజుకర్ర తలుపు వెనకాల ఉంది నాయనా. నాకు దుమ్ము పడగూడదన్నారు డాక్టరు." ఆయన లేచి ముంగిట్లోకి వెళ్ళి నిలబడ్డారు.

కోదండపాణి సంచి పక్కన పెట్టి బూజు దులిపాడు. దులిపి, తుమ్మి, కిందికి దిగి వచ్చి మళ్ళీ అడిగాడు.

"దూరం ఎట్లుంది స్వామీ?"

స్వామి దూరంగా చూశారు. "గేటు దగ్గర కొళాయి కారతా ఉంది. పోయి బిగించిరా."

బిగించి వచ్చాడు.

"దగ్గరిది?"

స్వామి చేతిలోని చెంబు కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నారు. "ఇది రాగిదే కదా, నల్లగా ఉందేమి?"

అతను చింతపండు పెట్టి చెంబు తోమాడు. తోముతూ ఉండగా స్వామి గడప చూశారు, కిటికీ ఊచలు చూశారు, తాము ఇన్నేళ్ళుగా పడుకుంటున్న దుప్పటి చూశారు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి కోదండపాణి చొక్కా మాసిపోయింది, మోచేతులదాకా మసి. లోపలినుంచి అలివేలు ఒకసారి తొంగి చూసి తల వెనక్కి తీసుకుంది.

"స్వామీ" అన్నాడు అతను దుప్పటి పిండుతూ, "నేను లెన్సు గురించి అడుగుతా ఉన్నాను."

"నేనూ దాని గురించే చెబుతా ఉండాను కదా" అన్నారు స్వామి.

అన్నాలకు కూర్చున్నప్పుడు కోదండపాణి ఇంక ఆగలేక సంచి విప్పాడు. తుండు పరిచి, మూడు లెన్సులూ వరసగా పెట్టాడు. ఒక్కోదానిలో గుణమేమిటో, దోషమేమిటో చెప్పుకొచ్చాడు. స్వామి శ్రద్ధగా విన్నారు. అలివేలు గిన్నె, గరిటె పట్టుకుని నిలబడి ఉంది. పప్పు చల్లారిపోతోంది.

"ఈ మూడింటిలో ఏది మంచిదో తేలడం లేదు స్వామీ. తేలాలంటే ఎవరన్నా మనిషి నిలబడాల. ఈమె నిలబడనంటుంది."

"ఎందుకమ్మా?"

అలివేలు గరిటెతో పప్పు కలిపింది. అతనే చెప్పాడు.

"ఏముంది స్వామీ. మా బావమరిది గృహప్రవేశంనాడు ఎండ బాగా పడుతుంటే ఒక్క నిమిషం నిలబడమన్నాను."

"పాలు?"

"ఎవరో పొంగించినారు."

స్వామి తుండుమీదినుంచి ఒక లెన్సు తీసుకున్నారు. ముందూ వెనకా చూశారు. చెయ్యి బారజాపి, దానిలోంచి అలివేలు వైపు చూశారు.

"ఇదేంది పాణీ, ఈమె తలకిందులుగా ఉంది?"

"దూరంగా పట్టుకుంటే అట్లే కనబడుతుంది స్వామీ. కెమెరాకు పెడితే సరిపోతుంది."

"కాళ్ళు పైకి, తల కిందికి. అయినా గిన్నెలో పప్పు ఒలకడం లేదే." ఆయన నిజంగానే ఆశ్చర్యపోతున్నారు. "నీ చెయ్యి మంచిదమ్మా."

అలివేలుకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది గాని ఆగలేదు.

స్వామి లెన్సు కిందికి దించి, కొత్త కంటితో ఆమెను చూశారు.

"నువ్వు నవ్వితే బుగ్గన సొట్ట పడుతుందే. నాకిన్నాళ్ళూ నీ గొంతు ఒకటే తెలుసు."

కోదండపాణి గబుక్కున తల తిప్పాడు. అప్పటికి ఆ నవ్వు అయిపోయింది.

"ఏదీ, ఇంకోసారి నవ్వు" అన్నాడు, కెమెరా అందుకుంటూ.

స్వామి లేచారు. అతని వెనక్కి వెళ్ళి, దాగుడుమూతలాటలో మూసినట్టు రెండు అరచేతులతో అతని కళ్ళు మూశారు.

"ఇప్పుడు చెప్పు. సొట్ట ఏ బుగ్గ మీద?"

"ఎడమ" అన్నాడు ఇన్‌స్పెక్టరు వెంటనే.

ఎవరూ ఏమీ అనలేదు.

"కుడి."

అప్పుడూ ఎవరూ ఏమీ అనలేదు.

"మనవైపునుంచి చూస్తే కుడి అవుతుంది స్వామీ. ఆమె వైపునుంచి అయితే... ఉండండి." వేళ్ళమీద ఏదో లెక్క చూసుకున్నాడు. తన కుడిచెయ్యి ఎత్తాడు, దించాడు, ఎడమచెయ్యి ఎత్తాడు. "పెళ్ళిలో తలంబ్రాలప్పుడు చూసినాను స్వామీ. నాకు బాగా గుర్తు. కాకపోతే మధ్యలో తెర ఉండె... కాదు, తెర తీసేసినాక..."

అలా అంటూ ఆగిపోయాడు. రెండు చేతులూ గాల్లో ఉన్నాయి.

అలివేలు నవ్వు వినబడింది. ముందు చిన్నగా, తర్వాత పెద్దగా. గరిటె గిన్నెకు తగిలి మోగింది.

స్వామి చేతులు తీశారు.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుందామంటే ఆమెకు రెండు చేతులూ ఖాళీ లేవు. కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా, గోడకు ఆనుకుని నవ్వుతోంది. కెమెరా కోదండపాణి మోకాలి పక్కనే ఉంది. దాన్ని అందుకోలేదు. ఎత్తిన చేతులు దించడం కూడా మరిచిపోయి, ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. నవ్వు తగ్గింది, అతని చేతులు చూసి మళ్ళీ మొదలైంది, చివరికి ఆగింది.

"చూసినావా?" అన్నారు స్వామి.

"చూసినాను స్వామీ."

"ఎట్లుంది?"

కోదండపాణి నోరు తెరిచాడు. కాసేపు అట్లాగే ఉండి, మూసుకున్నాడు.

స్వామి వచ్చి తమ విస్తరి ముందు కూర్చున్నారు.

"సరేలే. పప్పు వెయ్యమ్మా వాడికి."