తలవంపుల ద్వారం

పూర్వం డచ్చివారి దేశంలో, ఉత్తర సముద్రానికి ఆమడ దూరాన, ఇసుకమిట్ట మీద వెలసిన ఎల్డర్‌హేవన్ అనే నగరం ఒక మండలానికి రాజధానియై, ఉన్ని, ఉప్పుచేప, ధాన్యాల వర్తకంతో అలకాపురిలా విరాజిల్లుతూ ఉండేది. ఆ వైభవానికి మూలం చుట్టుపక్కల పల్లపు భూముల రైతులే అయినా, వారు పండించిన గింజను ఆ నగరపు సంతలో తప్ప మరెక్కడా అమ్మకూడదనీ, సంత ముగిశాక వారిలో ఒక్కరూ కోట లోపల నిలవకూడదనీ అక్కడి వర్తకులు కట్టడి చేశారు.

ఆ నగరానికి సిక్కో అనే అధికారి ఉండేవాడు. పుట్టగానే తల్లిని పోగొట్టుకున్న ఆయనను పల్లపు గ్రామపు రైతుభార్య గేస్కె తన బిడ్డతోపాటు పాలిచ్చి పెంచింది. పెద్దవాడై అధికారముద్ర ధరించిన తరువాత ఆయన ఆమె గడప తొక్కలేదు. సంతలో ఆమె ఎదురుపడితే చూపు తిప్పుకునేవాడు.

ఒక శీతకాలంలో మహావాయువు చెలరేగి, సముద్రం కట్టలు తెంచుకుని పల్లపు భూములపై విరుచుకుపడగా, గ్రామస్థులు పడవల మీదా కాలినడకనా పిల్లాపాపలతో నగరపు ఉత్తరద్వారం చేరి తలుపులు బాదారు. లోపల వర్తకులు సిక్కోను చుట్టుముట్టి, "వీళ్లను రానిస్తే మన గాదెలు మిగలవు, తియ్యవద్దు" అని పట్టుబట్టారు. అప్పుడు బయటినుంచి ఒక వృద్ధ స్వరం వినిపించింది.

"నాయనా సిక్కో! మమ్మల్ని వదిలెయ్యి, ఈ పసివాళ్లనైనా లోపలికి తీసుకో!"

ఆ స్వరం ఎవరిదో ఎరిగి కూడా, చేతిలో తాళపుచెవి ఉండి కూడా, ఆయన కదలలేదు. కొంతసేపటికి తలుపుల మీద చప్పుడు ఆగిపోయింది.

నిరాశ చెందిన ప్రజలను గేస్కె వెంటబెట్టుకుని, పొలాల నడుమ ఒక చిన్న దిబ్బపై ఉన్న పేద ప్రార్థనామందిరానికి చేర్చింది. భగవంతుని లీల ఏమని చెప్పను! కొండంత అలలు ఆ దిబ్బ చుట్టూ లేచి, దాని గరికనైనా తడపకుండా ఒరుసుకుపోయి, కాలువల గుండా దుర్భేద్యమనుకున్న నగరంలోకే చొరబడ్డాయి. గాదెలన్నీ మునిగాయి. వర్తకులు ఇంటికప్పుల మీద ఆకలితో అలమటించారు.

గాలి తెరిపి ఇవ్వగానే పల్లెవారు తమ పడవలలో, తమకు మిగిలిన రొట్టెలు పెట్టుకుని, ఆ నగరం వైపే తెడ్లు వేశారు. ద్వారం పైనున్న బురుజుమీద వణుకుతున్న సిక్కో దగ్గరికి వచ్చిన పడవలో గేస్కె ఉంది. ఆమె రొట్టె విరిచి అందిస్తూ, "తిన్నావా నాయనా?" అని మాత్రమే అడిగింది.

సిక్కో చేయి చాపలేకపోయాడు. "అమ్మా, నీ గొంతు నేను గుర్తుపట్టాను. గుర్తుపట్టి కూడా తియ్యలేదు" అన్నాడు.

"తెలుసురా. తలుపు అవతల నువ్వు దగ్గావు. నీ దగ్గు నాకు తెలియదా? ముందు తిను."

అధికారి ఆ రొట్టెను కన్నీటితో తిన్నాడు. ఆమె కోపగించి ఉంటే ఓర్చుకునేవాడినని, ఆ ఒక్క ప్రశ్నకే బతికినన్నాళ్లూ తలెత్తలేకపోయానని ఆయన తరువాత చెప్పుకునేవాడట.

నీరు తీశాక ఆయన అధికారముద్రను త్యజించే ముందు, కట్టడిని రద్దు చేయించి, ఉత్తరద్వారపు తలుపులను ఊడబెరికించి, ఆ కలపతో దిబ్బమీది మందిరానికి కొత్త కప్పు వేయించాడు. ద్వారం కమానును మనిషి ఎత్తుకంటే తక్కువగా దింపి కట్టించాడు. రాజైనా గుర్రం దిగి, శిరస్సు వంచి రావలసిందే. నాటినుండి దానికి తలవంపుల ద్వారమని పేరు.

నేటికీ ఆ ద్వారానికి తలుపులు లేవు. వరద వచ్చిన తిథినాడు నగరపెద్దలు రొట్టెల బుట్టలు మోసుకుని, వంగి ఆ కమాను దాటి, దిబ్బమీద పల్లెవారికి వడ్డించి, వారు తిన్నాకే తాము తింటారు. ఆ వెంట నడిచే పసిపిల్లలకు కమాను తగలదు. అయినా వాళ్లూ అక్కడికి రాగానే తల వంచుతారు, ఎవరూ చెప్పకుండానే.