చెంబు కదల్లేదు

పెంచలయ్యకు ఆ తొలకరి రోజుల్లో కాలు ఒకచోట నిలిచేది కాదు. మందు కాచాడు. అది పనిచేసింది. ఊరంతా మెచ్చుకుంది. గురువు ఒక్కడే మెచ్చుకోలేదు.

ఆ గురువు జలీల్ సాయిబు. ఉదయగిరి కొండ కింద పేటలో హకీము. కొండ మీద దొరికే ఆకూ చెక్కా వేరూ తెచ్చి నూరి, కాచి, చుట్టుపక్కల వాళ్లకు మందిచ్చేవాడు. నమాజు తప్పేవాడు కాదు. మాట మాత్రం బంగారం తూచినట్టు వాడేవాడు.

ఆయన ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్తగా కాచినదాన్ని పేరు లేని జాడీలో పోసి నేల మీద పెట్టాలి. అది మందేనని ఆయనకు నమ్మకం కుదిరిన రోజున దానికి పేరు పెట్టి చెక్క బీరువాలోకి ఎక్కిస్తారు. అందాకా అది ఉత్త కషాయం. కొన్ని జాడీలు ఏళ్ల తరబడి నేల మీదే ఉండి, చివరికి ఉప్పు పోసుకోవడానికి పనికొచ్చాయి.

పెంచలయ్యకేమో అంత ఓపిక లేదు. అన్నం ఉడక్కముందే ఆకు పరుచుకునే రకం. అట్లాగని తెలివి తక్కువవాడని కాదు. చెక్క వాసన చూసి ఏ చెట్టుదో చెప్పగలడు. అతని తొందరకు ఒక కారణం కూడా ఉంది. పోయిన ఏడు ఇదే రోజుల్లో అతని చెల్లెలు సుబ్బరత్నం పెద్దబిడ్డ బేదులతో పోయింది. ఆ బిడ్డను మోసుకుపోయిన చేతులతోనే అతను మందు నూరే రోకలి పట్టాడు. ఇంకో బిడ్డ అట్లా పోకూడదు. అతనికి కావలసింది అదే.

మామిడిపళ్లు అయిపోయి తొలకరి పడితే ఆ పేటలో ఈగలు లేస్తాయి. ఈగల వెనకే బేదులు. ఈసారి పెంచలయ్య సిద్ధంగా ఉన్నాడు. మారేడు పిందెల కషాయం కొందరికిచ్చాడు. దానిమ్మ తొక్కది కొందరికి, కొడిశపాల చెక్కది మరి కొందరికి. తాగినవాళ్లంతా పొలం పనులు చేసుకునే పెద్దవాళ్లే. ఎవరింటికి పోయినా గడపలో నిలబడి అడిగేది ఒకటే మాట.

"చెంబు ఎన్నిసార్లు కదిలింది?"

బయటికి పోవాలన్నా చెంబే, పసిబిడ్డను కడగాలన్నా చెంబే. చెంబు కదలకపోతే జబ్బు పోయినట్టు. ఊళ్లో అందరి లెక్కా అదే, అతని లెక్కా అదే.

మూడు కషాయాలూ పనిచేశాయి గాని, నింపాదిగా. నింపాది అంటే పెంచలయ్యకు పడదు. కొడిశపాల చెక్కలో గసగసాల కాయ పెంకు కలిపి కాచాడు. అది పేగుల్ని జోకొట్టి పడుకోబెడుతుంది. ఇక చూడండి, పొద్దున తాగినవాడికి మధ్యాహ్నానికి చెంబు మూలనే ఉండిపోయింది. వాళ్లు మజ్జిగా గంజీ అడిగి తాగి, రెండు రోజులు పడుకుని లేచి పొలానికి పోయారు. పెంచలయ్య చేతిలో ఏదో ఉందని జనం అనుకున్నారు. నిజం చెప్పాలంటే అతనూ అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం గబగబా దొడ్లోకి వచ్చాడు. భుజం మీద కషాయం వడగట్టే గుడ్డ, చేతిలో జాడీ.

"ఆగిపోయింది సాయిబుగారూ."

"ఏందబ్బయ్యా ఆగింది?"

"బేదులు. ఎవరికి పోసినా ఒక్క పూటలో కట్టేస్తంది. తెల్లారి మా సుబ్బరత్నం బిడ్డకు కూడా పోసొచ్చా, రాత్రినుంచి అవుతున్నాయంటే. ఇప్పటిదాకా చెంబు కదల్లేదంట. పేరు కూడా అనుకున్నా. బేదికట్టు."

సాయిబు తలెత్తి చూశాడు. "బిడ్డకు పోశావా?" అన్నాడు. ఆ మాట కొంచెం మెల్లగా అన్నాడు. పెంచలయ్య దాన్ని పట్టించుకోలేదు.

"పోశా. ఆగింది. ఈ పొద్దు బీరువాలో పెట్టేద్దామా?"

"ఆలూ లేదు, చూలూ లేదు…" అని సాయిబు మిగతాది మింగేశాడు.

పెంచలయ్యకు చురుక్కుమంది. "ఆగింది గదా సాయిబుగారూ. ఇంకేం కావాల?"

సాయిబు "ముందు బిడ్డను ఇక్కడికి తీసుకురమ్మని కబురు పెట్టు" అన్నాడు. పెంచలయ్య దడి అవతల పోతున్న వాళ్లెవరితోనో కేకేసి చెప్పి వచ్చాడు. ఎందుకు చెప్పమన్నాడో అతనికి తెలియలేదు. మెచ్చుకోవడానికే అనుకున్నాడు.

నమాజు వేళయింది. దొడ్లో కాళ్లు కడుక్కునే బండ ఉంది. చుట్టూ చిన్న గట్టు, మూలన నీళ్లు బయటికి పోయే తూము. సాయిబు శిష్యుడి భుజం మీది గుడ్డ తీసి, ఉండ చుట్టి, తూములో కుక్కాడు. తర్వాత కూర్చుని చేతులు కడుక్కున్నాడు, మొహం కడుక్కున్నాడు, కాళ్లు కడుక్కున్నాడు. అంతటితో ఊరుకోకుండా పక్కనున్న బిందె ఎత్తి బండ మీద గుమ్మరించాడు. ఇంకో బిందె కూడా.

నీళ్లు గట్టెక్కాయి. పక్కనే పెంచలయ్య చెక్కల గోతం ఉంది. అడుగు తడిసింది. అతను పరిగెత్తి గోతం ఎత్తుకున్నాడు.

"సాయిబుగారూ, తూము మూసుకుపోయింది."

"నేనే మూశా."

"నీళ్లు నిలిచిపోయినయ్."

"బయటికి పోతున్నయ్యా?"

"లేదు."

"ఆగినయ్ గదా. ఇంకేం కావాల?"

చాప తీసుకుని లోపలికి నమాజుకు పోయాడు.

పెంచలయ్యకు ఒళ్లు మండింది. ముసలాయనకు ఒప్పుకోవడం చేతకాక ఈ ఎకసెక్కాలు అనుకున్నాడు. గోతం ఇక్కడినుంచి అక్కడికి మార్చాడు. అక్కడినుంచి మళ్లీ ఇక్కడికి. గుడ్డ పీకేద్దామని వంగి, గురువు పెట్టిన గుడ్డ కదాని ఆగాడు. ఊరికే నిలబడలేక జాడీ ఎత్తుకుని వీధి చివర నాగూరమ్మ ఇంటికి పోయాడు. ఆమె కొడుకు బడికి పోయే వయసువాడు, పొద్దుటినుంచి చెంబుతో తిరుగుతున్నాడు. వాడి నోట్లో కషాయం పోశాడు. ఇంకొకడికి కూడా కడితే అప్పుడేమంటాడో చూద్దాం అనుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి వసారాలో సుబ్బరత్నం కూర్చుని ఉంది. ఒళ్లో బిడ్డ. ఏడాది నిండి నడక నేర్చుకుంటున్న బిడ్డ, కామాక్షి.

"అన్నా, నువ్వు చెప్పినట్టే ఆగిపోయినై. తెల్లారినుంచి చెంబు కదల్లేదు. కానీ బిడ్డ పొట్ట ఉబ్బింది. ఇందాకటిదాకా ఏడ్చింది, కళ్లలో నీళ్లు రాలా. ఇప్పుడు ఏడవటం కూడా లేదు."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె గొంతు పోయిన ఏటి గొంతయింది.

పెంచలయ్య బండ మీద నిలిచిన నీళ్లకేసి చూశాడు. గురువు ఏం చెప్పాడో అప్పుడు తెలిసింది. జాడీ కింద పెట్టాడు.

సాయిబు నమాజు ముగించుకుని వచ్చి బిడ్డ పొట్ట మీది చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలాడు. అది పట్టినట్టే ఉండి, నెమ్మదిగా సర్దుకుంది. నాలుక చూశాడు. ఎండిపోయి ఉంది.

"బిడ్డ ఉచ్చ ఎప్పుడు పోసిందమ్మా?"

సుబ్బరత్నం అన్న వంక చూసింది. "అది అన్న చూడమనలేదు సాయిబుగారూ" అంది.

సాయిబు శిష్యుడి వైపు తిరిగాడు.

"గంజి కాచు. నీళ్లలాగా ఉండాల. కొంచెం బెల్లం, కొంచెం ఉప్పు. కన్నీళ్లకంటే ఉప్పన కాకూడదు. కుండ నిండా కాచు."

పెంచలయ్య కాచాడు. పొయ్యి మండటం లేదని పొయ్యిని తిట్టాడు, చల్లారటం లేదని కుండను తిట్టాడు. చల్లారాక బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని ఉగ్గుగిన్నె నోటికి పెట్టి వంచాడు. గిన్నెడూ ఒక్కసారే పోశాడు. బిడ్డ మొత్తం కక్కేసింది.

"నీ తొందర బిడ్డ గొంతులో పొయ్యమాక" అన్నాడు సాయిబు. "చుక్క. మింగిందా చూడు. మళ్లీ చుక్క."

చుక్క పోసి చూశాడు. మింగింది. మళ్లీ చుక్క. అతని జీవితంలో అంత నెమ్మదైన పని ఎప్పుడూ చేయలేదు. లోపల ప్రాణం గిలగిల్లాడుతోంది, చేతివేళ్లు మాత్రం కదలకూడదు. మధ్యలో నాగూరమ్మ కొడుకు గుర్తొచ్చాడు. గంజి బిడ్డ చెంప మీద పడింది.

"సాయిబుగారూ, ఇంకోడికి కూడా పోసొచ్చా."

"ఎప్పుడు?"

"మీరు నమాజులో ఉండంగా. నాగూరమ్మ కొడుక్కి."

సాయిబు కళ్లు మూసుకున్నాడు. "వాడు పెద్దోడు. సాయంత్రం దాకా ఓర్చుకుంటాడు. ఈ బిడ్డ ఓర్చుకోలేదు. పోస్తా ఉండు."

"నేను పరిగెత్తి పోయి చూసొస్తా. చెల్లెలు పోస్తది."

"దాని చెయ్యి చూడు."

సుబ్బరత్నం చేతులు గాలికి ఆకుల్లా ఊగుతున్నాయి. పెంచలయ్య కూర్చున్నాడు. కాళ్లేమో వీధిలోకి పోతామంటున్నాయి. చుక్క పోశాడు. పొద్దు దడి మీదికి వాలింది. బిడ్డ ఒకసారి పెదాలు చప్పరించింది. ఇంకాసేపటికి గిన్నె తీస్తుంటే చిరచిరలాడింది. తర్వాత పొట్టలోంచి బుడబుడమని చప్పుడు వచ్చింది. సుబ్బరత్నం భయపడి దగ్గరికి జరిగింది. సాయిబు చేయెత్తి ఆగమన్నాడు.

ముగ్గురూ ఆ బిడ్డనే చూస్తూ కూర్చున్నారు.

పెంచలయ్య తొడ మీద వెచ్చగా తగిలింది. పంచె తడిసింది. మెల్లగా మోకాలి దాకా తడిసింది.

అతను కదల్లేదు. కదిలితే ఆగిపోతుందేమోనని భయం.

"పోసింది" అన్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. సుబ్బరత్నం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కామాక్షి కూడా గొంతు విప్పి ఏడ్చింది. ఆ ఏడుపు వింటే ప్రాణం లేచి వచ్చింది అందరికీ.

సాయిబు ఉగ్గుగిన్నె తీసుకుని సుబ్బరత్నానికిచ్చాడు. ఈసారి ఆమె చేయి వణకలేదు. గంజి సగం వేరే కుండలో పోసి శిష్యుడి ముందు పెట్టాడు. నేల మీది జాడీని కాలితో పక్కకు జరిపాడు.

"లెయ్."

"పంచె మార్చుకుని పో అన్నా, తడిసింది" అంది చెల్లెలు.

పెంచలయ్య అప్పటికే వీధిలో ఉన్నాడు. కుండ తొణక్కుండా, పరిగెత్తకుండా, అయినా ఎంత వేగంగా నడవగలడో అంత వేగంగా నడిచాడు.

నాగూరమ్మ గడపలోనే ఎదురొచ్చింది. మొహం విచ్చుకుని ఉంది.

"నీ చెయ్యి చల్లగుండ పెంచలయ్యా. నువ్వు పోసి పోయినకాడ్నుంచి చెంబు కదిలితే ఒట్టు. పిల్లోడు నిమ్మళంగా పడుకున్నాడు. ఇంట్లో అందరం నీ పేరే చెప్పుకుంటున్నాం."

ఆ మాట కోసమే అతను ఇన్నాళ్లూ గడప గడపా తిరిగాడు.

"అమ్మా, పిల్లోడు ఉచ్చ పోశాడా?"

ఆమె నవ్వు ఆగింది.

"చూడలేదే నాయనా" అంది.

పెంచలయ్య చెప్పులు విడిచి, కుండతో లోపలికి పోయాడు.