పంచే బల్ల, కట్టే బల్ల

నాంపెల్లి గురువును ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు సూదిలో దారం ఎక్కిస్తాడు. బతుకుదెరువు దర్జీ పని, బోధ పౌర్ణమికి పౌర్ణమికి. మిగతా రోజుల్లో ఆయన కుట్టుమిషను ముందున్న చెక్కబెంచీ మీద శిష్యులూ కూర్చుంటారు, గుండీలు ఊడిన చొక్కాలు పట్టుకొచ్చినవాళ్లూ కూర్చుంటారు. ఎవరు దేనికొచ్చారో కొత్తవాళ్లకు అంతుబట్టదు. ఆయనకు వాదించడం ఇష్టముండదు. దారం ఎక్కేలోగా అడిగినవాడికే జవాబు తట్టి లేచిపోతే ఆయనకు మహా సంతోషం.

అయిలేశం మాత్రం లేచిపోయే రకం కాదు. సింగన్నకుంటలో మోటార్లకు వైండింగు చేస్తాడు, నలభై దాటాయి, పన్నెండేళ్లుగా గురువు దగ్గరికి వస్తున్నాడు. గట్టి నియమాల మనిషి. కల్లు మానేసిన నాటినుంచి కల్లు మండువా ఉన్న వీధిలో అడుగు పెట్టడు. ఇంటికి పోవాలంటే బస్టాండు వెనకనుంచి అరమైలు చుట్టు తిరిగి పోతాడు. తోటి శిష్యులం మేము వెనక నవ్వుకుంటాం, ఎదుట నవ్వే ధైర్యం ఎవరికీ లేదు. కింద రాస్తున్న ముచ్చట నాకు చెప్పింది కూడా అతనే. తన పాత్రను కాస్త తగ్గించి చెప్పాడు, అది నేను సరిచేసి రాస్తున్నాను.

ఒక శనివారం అయిలేశం వచ్చి, చెప్పులు విడిచీ విడవకముందే అడిగాడు. "గురువయ్యా, ఫలం మీద ఆశ వదలాలె అంటవు. మంచిది, వదులుదాం. వదిలేదే అయితే అది మన చేతుల దాంక వచ్చుడెందుకు? వచ్చేకాన్నే ఆగిపోతే మనకు గింత తిప్పలుండదు గద?"

గురువు సూదిలో దారం ఎక్కించాడు. చొక్కాకు రెండు గుండీలు కుట్టాడు. దారం పంటితో తెంపి అన్నాడు: "రేపు ఐతారం, పొదుపు సంఘం మహాసభ. పాసుబుక్కుల సంచులు కుట్టిచ్చినందుకు నన్ను బువ్వకు పిలిచిండ్రు. నువ్వు గూడ రా."

ఆడవాళ్ల సంఘం సభకు తానెందుకో అయిలేశానికి అర్థం కాలేదు. అయినా బువ్వ అన్నారు కదా అని వెళ్లాడు. ఈ మాట అతను చెప్పలేదు, నేను ఊహించాను.

సింగన్నకుంట పొదుపు సంఘానికి ఒక ఆచారం ఉంది. నెలనెలా సభ్యులు దాచుకున్నదే వాళ్లకు అవసరానికి అప్పుగా తిరుగుతుంది. ఆ తిరుగుడు మీద వచ్చిన లాభాన్ని ఏడాదికొకసారి, దాచుకున్న వాటా ఎంతుంటే దానికి తగ్గట్టు పంచుతారు. ముప్ఫై ఏళ్ల కింద మొదటిసారి లాభం వచ్చినప్పుడు తలకు పదిహేడు రూపాయలు పడ్డాయట. మీకు పదిహేడు వచ్చాయి, మళ్లీ వాటాలోనే కలిపాం అంటే ఒక్క ఆడమనిషీ నమ్మలేదట. చేతిలో పెట్టండి, చూసి మేమే కడతాం అన్నారట. అప్పటినుంచి షామియానాకు ఒక కొసన పంచే బల్ల, ఇంకో కొసన కట్టే బల్ల. పేరు పిలవగానే పంచే బల్ల దగ్గర లాభం చేతికి తీసుకోవాలి. వాటాలో కలపాలనుకున్నవాళ్లు సాయంత్రం ఐదులోగా నడిచిపోయి కట్టే బల్ల దగ్గర కట్టాలి. కలపనివాళ్లు కొంగున ముడేసుకొని ఇంటికి పోవచ్చు, ఎవరూ ఏమీ అనరు.

రెండు బల్లల నడుమ ముప్ఫై అడుగులుంటాయి. సింగన్నకుంటలో జరిగే అసలు సంత ఆ ముప్ఫై అడుగుల్లోనే. చేతిలో పచ్చనోట్లతో ఆడవాళ్లు అటునుంచి ఇటు నడుస్తారని పసిగట్టిన వ్యాపారులు ఏటా ముందురోజే వచ్చి జాగా పట్టుకుంటారు. స్టీలు గిన్నెలవాడు, గాజులవాడు, జిలేబీలవాడు, అందరికన్నా ముందు చీరల మూటతో ఓంకారం సేటు. వెళ్లగొట్టండి అని ఒకరిద్దరు అంటే, ఉండనీయండి అని సంఘమే తీర్మానం చేసింది. దానికి కారణం మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

పోయిన ఏడు ప్రవళిక అనే పిల్ల సంఘానికి కొత్త మేనేజరుగా వచ్చింది. చురుకైన పిల్ల, కంప్యూటరు వచ్చు. ఎలాగూ తిరిగి కట్టేవాళ్లకు ఈ నడక దేనికి, నేరుగా వాటాలో కలిపేస్తే పూట మిగులుతుంది అంది. పాలకవర్గం సరేనంది. సభ గంటలో ముగిసింది. ఓంకారం సేటు కట్టిన మూట విప్పకుండానే వెళ్లిపోయాడు. పైసా అటూఇటూ కాలేదు, కానీ ఆ ఏడాదంతా ప్రవళిక ఎక్కడ కనిపించినా ముత్తవ్వ అనే సభ్యురాలు ఆపి అడిగేది: "బిడ్డా, నా లాభం మొకం నేను సూడకపోతినే!" పాసుబుక్కు తీసి చూపిస్తే తల పంకించి, మర్నాడు మళ్లీ అదే అడిగేది. ముత్తవ్వలాంటివాళ్లు ఇంకో రెండువందల మంది తేలేసరికి, ఈ ఏడు మళ్లీ రెండు బల్లలూ వేశారు.

ముత్తవ్వ గురించి చెప్పాలి. యాభై ఏళ్లుంటాయి, భర్త లేడు. పదిహేనేళ్లుగా ఊళ్లోని పిండి గిర్నిలో కూలికి పనిచేస్తోంది. సాయంత్రానికి కనుబొమలు తెల్లబడి ముసలవ్వలా కనిపిస్తుంది, మొహం కడుక్కుంటే పదేళ్లు తగ్గుతుంది. గిర్ని యజమాని ముసలివాడై, మిషను అమ్మకానికి పెట్టాడు. అరవై వేలు. పదిహేనేళ్లు పనిచేసినందుకు ముత్తవ్వకు ఒక్క మాట ఇచ్చాడు: ఐతారం పొద్దుగూకేదాకా ఆగుతాను, నీకు అప్పు ఖాయమైతే నీదే, కాకపోతే సోమవారం పొద్దున్నే పట్నపాయన వచ్చి లారీకెక్కించుకుంటాడు. సంఘంలో వాటాకు మూడింతలు అప్పిస్తారు. ముత్తవ్వ వాటా పద్దెనిమిది వేలు. ఇరవై చేయాలంటే రెండు వేలు తక్కువ. ఈ ఏడు ఆమెకు వచ్చిన లాభం రెండు వేల నలభై.

పంచే బల్ల దగ్గర ప్రవళిక గొంతు తగ్గించి చెప్పింది. "పెద్దమ్మా, ఇక్కడ్నే సంతకం పెట్టు, నేరుగ కలిపేస్త. గిర్ని నీదైపోతది. ఇప్పుడు చేతుల పట్టుకొని తిరుగుడెందుకు చెప్పు?"

"ఇయ్యి బిడ్డా, చేతికియ్యి," అంది ముత్తవ్వ.

నోట్లు తీసుకుంది. రెండుసార్లు లెక్కపెట్టింది, ఒకసారి కళ్లకద్దుకుంది, బయలుదేరింది. పక్క కుర్చీలోంచి అంతా విన్న అయిలేశం గురువుతో, "గిదేం మనిషి గురువయ్యా, గిర్ని పెట్టుకొని జూదమాడుతున్నదా?" అన్నాడు. గురువు జిలేబీల పొయ్యి వైపు చూస్తున్నాడు.

గిన్నెలవాడు పిలిచాడు, ముత్తవ్వ ఆగలేదు. గాజులవాడు పిలిచాడు, చేయి ఊపింది. ఓంకారం సేటు పిలవలేదు, అతను పండిన వ్యాపారి. నెమలికంఠం రంగు చీర ఒకటి తీసి, ఊరికే దులిపి, గాలికి పట్టుకున్నాడు. ముత్తవ్వ కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

ఆమె ఎప్పుడూ బూడిదరంగు, గోధుమరంగు, లేదంటే వెలిసిన పసుపు చీరలే కట్టేది. పిండి పడితే కనిపించని రంగులవి. ముదురు రంగు చీర పెళ్లిలో కట్టిందే ఆఖరు. ఆ చీరను వేళ్లతో పట్టి చూసింది, భుజాన వేసుకుంది, అద్దంలో చూసుకుంది. సేటు ఎనిమిదొందలన్నాడు. గిర్నిలో పదిహేనేళ్లు జనంతో గీచిగీచి మాట్లాడిన నోరు ఊరుకుంటుందా? పావుగంట బేరం సాగింది. ఆరువందల యాభైకి తెగింది. ముత్తవ్వ నోట్లు ఇచ్చి చీర చంకన పెట్టుకుంది.

అయిలేశం కుర్చీలోంచి సగం లేచాడు. "అయిపాయె! గిర్ని లారీ ఎక్కె!"

ఆమెకు లెక్క రాక కాదు. అంతా తెలిసే కొన్నది. ఆ పూట బంతిలో ముత్తవ్వ చీర భుజాన వేసుకునే అన్నం తిన్నది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు అంచు పట్టి చూశారు, రంగు మెచ్చుకున్నారు, ఎంతకిచ్చాడని అడిగి ముక్కున వేలేసుకున్నారు. ఆమె మొహం వెలిగిపోతుంటే, అయిలేశం మాత్రం విస్తరి ముందు ఆమెకు తక్కువపడ్డ డబ్బు లెక్కేస్తూ కూర్చున్నాడట. పాపం, అతనికి ఆ గిర్ని తన గిర్నే అయిపోయింది.

నాలుగు దాటాక ముత్తవ్వ ఒంటరిగా కట్టే బల్ల దాకా పోయింది. చేతిలో పదమూడువందల తొంభై. ఆరువందల పది తక్కువ. అక్కడే నిలబడి బల్లను చూసింది, చీరను చూసింది, వీధి చివర గిర్ని రేకుల కప్పును చూసింది. నవ్వు మాయమైంది. కొత్త చీర ముడతలు పోయేలా అరచేత్తో ఒకటికి నాలుగుసార్లు నిమిరింది.

ఇక అయిలేశం ఆగలేకపోయాడు. జేబులోంచి పర్సు తీసి పరుగెత్తాడు. "అక్కా, గీ ఆరొందల పది నేనిస్త. చీర ఉంచుకో, గిర్ని గూడ ఉంచుకో. మల్ల ఇయ్యకున్నా ఏం లేదు."

ముత్తవ్వ అతన్ని కిందినుంచి మీదిదాకా చూసింది. "నీ మనసు మంచిదే తమ్మీ. గని చీర కొన్నది నేను. నడుమిట్ల నువ్వెవలు?" అని పర్సును చేత్తో పక్కకు నెట్టింది.

తిరిగి సేటు దగ్గరికి వెళ్లింది. విప్పిన చీర వాపసు తీసుకోనని, కావాలంటే ఐదొందలిస్తానని సేటు అన్నాడు. ముత్తవ్వ అతనికి నాలుగు చీవాట్లు పెట్టి, అతని మూట పక్కనే నిలబడి, చీరను తన భుజం మీంచి సగం పొడుగు జార్చి, షామియానా అదిరేలా కేకేసింది. "సూడుండ్రమ్మా నెమలికంఠం! నేను కట్టలే, మడత నలగలే! సేటు ఎనిమిదొందలంటడు, నేను ఏడొందలే అంట!"

ఆడవాళ్లు ఘొల్లున నవ్వారు. సేటు తల పట్టుకున్నాడు. పంచడం అయ్యాక కట్టే బల్ల వెనక్కి మారిన ప్రవళిక చేతిలో కలం ఆగిపోయింది. పొద్దుటినుంచీ ఆ పిల్ల కన్ను ఆ చీర మీదే ఉందని ముత్తవ్వకు తెలుసు. బంతిలో అంచు పట్టి అందరికన్నా ఎక్కువసేపు చూసింది ఆ పిల్లే. తిన్నగా ఆమె దగ్గరికే వెళ్లి భుజాన కప్పింది. "ఎట్లున్నవ్ సూడు బిడ్డా. నా మీద అది చీర, నీ మీద పండుగ."

ప్రవళిక సిగ్గుపడుతూ సంచీలోంచి ఏడొందలు తీసింది. ముత్తవ్వ ఆ పిల్ల భుజం మీది చీరను మరొక్కసారి నిమిరింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, కొంగుతో తుడుచుకొని నవ్వింది. తర్వాత రెండు వేలు లెక్కపెట్టి బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టింది. "రాస్కో. ముత్తవ్వ, రెండు వేలు. ముద్ర గట్టిగ గుద్దు, గిర్నాయనకు సూపియ్యాలె."

గడియారంలో ఐదుకు పది నిమిషాలు తక్కువ. చేతిలో తొంభై రూపాయలు మిగిలితే, వాటికి జిలేబీలు తెచ్చి దొరికినవాళ్ల నోట్లో కుక్కింది. ఓంకారం సేటుకు ఒకటి పెట్టింది, అయిలేశానికి రెండు. గురువుకు చక్కెర జబ్బు ఉంది, అయినా తిన్నాడు.

ఇంటికి పోయే దారిలో, మలుపు దగ్గర అయిలేశం ఆగి అన్నాడు: "గురువయ్యా, ఒక్కటి సమజైత లేదు. పోయినేడు గూడ ముత్తవ్వక్క లాభం వాటాలనే కలిసింది, ఈయేడు గూడ వాటాలనే కలిసింది. నడుమ గీ ఆగమాగం తప్ప ఫరకేంది?"

నాంపెల్లి గురువు వేళ్లకు అంటిన జిలేబీ పాకం నాకుతూ చెప్పాడు. "పోయినేడు కట్టింది సంఘం. ఈయేడు కట్టింది ముత్తవ్వ."