ఉసిరి కలిపిన ముద్ద

అడిగినదానికి జవాబు చెప్పడం పద్మాక్షి మేడంకు చేతకాదని శిష్యులు వెనకాల నవ్వుకునేవారు. ప్రశ్న వేసినవాడికి ఆవిడ ఏదో ఒక పని పురమాయించేవారు, అంతే. అనంతపురంలో ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్న జిలానీకి ఈ సంగతి తెలుసు. అయినా ఆ రోజు అడగక తప్పలేదు.

రెండేళ్లుగా అతను గాజు పళ్లేల్లో మనిషి కణాలను పెంచి, బూజు పట్టిన చెనిక్కాయల్లో, అంటే వేరుశనగల్లో, పుట్టే విషాన్ని వాటిమీద పోసి చూస్తున్నాడు. మామూలు కణాలు చచ్చిపోయేవి. ముందుగా ఉసిరి సారం పట్టించిన కణాలు చాలామటుకు తట్టుకుని నిలబడేవి. ఆ మాట ఎలా పొక్కిందో, ఊళ్లోని పిల్లల హాస్టల్ వార్డెన్ తిరుపాలు చెవిన పడింది. అకాల వానకు హాస్టల్లో ఇరవై మూటల చెనిక్కాయలు తడిసి బూజెక్కాయి. పారేస్తే రెండు నెలలపాటు పిల్లలకు బెల్లం ఉండలు లేనట్టే. ఉసిరి పొడి కలిపి పెట్టొచ్చని ఒక్క మాట చెప్పమని, సాయంత్రందాకా గడువిచ్చి, నమూనాగా రెండు దోసిళ్ల గింజలు ఇచ్చిపోయాడు. మంచివాడే. పిల్లలు ఆకలంటే ఓర్చుకోలేని మనిషి.

"ఉసిరి కాపాడుతుందని మనమే తేల్చినాం కదా మేడం. పెట్టుకోమని చెప్పేదా?" అన్నాడు జిలానీ. గొంతులో గర్వం దాగలేదు.

ఆవిడ గింజలు తీసుకుని అతన్ని ఇంటికి భోజనానికి పిలిచారు. తానే వేయించి, దంచి, ఉసిరి పొడి ధారాళంగా కలిపారు. వేడన్నం వడ్డించి, ఆ పొడి వేసి, నెయ్యి పోశారు.

"తిను."

జిలానీ ముద్ద కలిపాడు. కలుపుతూనే ఉన్నాడు. ఎంత విషానికి ఎంత ఉసిరి కావాలో, కడుపులోకి పోయాక ఆ ఉసిరి ఏమవుతుందో అతని గాజు పళ్లేలు ఇంకా చెప్పలేదు. ఆ సంగతి అతనికి నిన్నా తెలుసు. ఇప్పుడు మాత్రం చెయ్యి నోటిదాకా రావడం లేదు. సిగ్గేసింది. లేచి చెయ్యి కడుక్కుని, అక్కడినుంచే తిరుపాలుకు ఫోన్ చేశాడు.

"ఒక్క గింజ కూడా పిల్లలకు పెట్టొద్దన్నా. గొయ్యి తీసి పూడ్చేద్దాం, తవ్వేదానికి నేనొస్తా. మంచి కాయల కోసం రైతుల ఇండ్లు తిరిగి అడుగుదాం, దానికీ నేనొస్తా."

అవతల తిరుపాలు బతిమాలాడు, ఆనక కోప్పడ్డాడు. జిలానీ మాట మార్చలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం నీరసం కమ్ముకొచ్చింది.

"అయితే నా రెండేళ్ల కష్టం దేనికి మేడం?"

ఆవిడ ఆ అన్నం తీసి చెత్తలో పారేసి, వేరే పళ్లెంలో అన్నం, పప్పు వడ్డించారు.

"ఈ విషం సంగతి తెలియక తింటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. రేపు ల్యాబ్‌కు తొందరగా రా."